క్రొత్త ల్యాప్‌టాప్ తెరపై వెలుగు కారుట

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, కొనుగోలు పత్రములలో ఇంగ్లీషు నడచుచుండుట ఎల్లరకు తెలిసినదే. 2007లో కోలారు జిల్లానుండి చిక్కబళ్ళాపురము జిల్లా వేరుపడినను ఈ స్థితి మారలేదు. మూడు భాషల నడుమ బ్రదుకువాడు కవిత్వము చెప్పుటకు మాటలు వెదకికొననక్కరలేదు కాని, నలువది యేబదివేల రూపాయలు పోసి కొన్న యంత్రమునందలి లోపమును అంగడివానికి చెప్పుటకు మాత్రము మాట దొరకక తడబడును. అట్టి లోపములలో నొకదానిని గూర్చి యీ వ్యాసము. ల్యాప్‌టాప్ తెరపై నల్లని చిత్రము వచ్చినపుడు అంచులయందును మూలలయందును తెల్లగనో పసుపుపచ్చగనో మసక వెలుగు మరకలవలె కనబడుచుండును. దీనిని ఇంగ్లీషున బ్యాక్‌లైట్ బ్లీడ్ అందురు.

సాహిత్య చరిత్రలకు సంబంధించిన వ్యాసముల నడుమ ఈ ప్రసంగమేల యని కొందరడుగవచ్చును. కైవార తాతయ్యగారి తెలుగు కీర్తనల పాత అచ్చుప్రతులను, తాటాకు గ్రంథముల ఛాయాచిత్రములను, పిల్లల పాఠములను మనము నేడు చదువుచున్నది ఈ తెరలమీదనే. తాటాకును నల్లని బట్టపై నుంచి తీసిన చిత్రమును చూచునపుడు అంచునందలి అక్షరము చెరగినదా, లేక తెర వెలుగుచే మాసినట్లున్నదా యను సందేహము కలుగుట పరిశోధకునకు చిన్న విషయము కాదు.

మొదట పేరును గూర్చి. బ్లీడ్ అనగా నెత్తురు కారుట. అద్దకమునందు ఒక రంగు ప్రక్కరంగులోనికి దిగుటకును ఇంగ్లీషువారు ఈ మాటనే వాడుదురు. దీనికి కాంతిస్రావమని సంస్కృతసమాసము కల్పించుట సుళువే. నిఘంటువునకు అది చాలును, నాలుకమీదికి మాత్రము రాదు. కుండ కారుచున్నది, కప్పు కారుచున్నది అనుమాటలు మనకు నిత్యవ్యవహారమున కలవు. ఉండవలసినచోట నిలువక సందుదొరకినచోట వెలువడుట యను భావము వానియందే యున్నది. కావున నేను వెలుగు కారుట యనుచున్నాను. కన్నడమున బెళకు సోరికె యన్నచో ఈ జిల్లాలో నెవ్వరికైనను అర్థమగును. తెలుగున వకారమున్నచోట కన్నడమున బకారముండుట ఈ రెండు భాషలకు పరిపాటి. వెలుగు బెళకు, వెండి బెళ్ళి, వెన్నెల బెళదింగళు, ఇవి యన్నియు తెలుపునకు కాంతికి సంబంధించిన ఒక్క ద్రావిడధాతువునుండి పుట్టినవే. అంగడిలో ఏ భాషలో ఫిర్యాదు చెప్పినను మూలమొక్కటియే యగును.

ఇక యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో చూతము. ఇప్పటి ల్యాప్‌టాప్ తెరలలో పెక్కింటికి తమంత తాము వెలుగునిచ్చు శక్తి లేదు. తెర క్రిందియంచున వరుసగా సన్నని ఎల్.ఇ.డి. దీపములుండును. వాని వెలుగు అక్రిలిక్ పలకయొక్క అంచులో ప్రవేశించి, పలకయంతయు ప్రాకి, దాని వెనుకభాగమునందలి సూక్ష్మబిందువులకు తగిలి ముందునకు మరలును. పలక వెనుక వెలుగును త్రిప్పికొట్టు తెల్లని పొర యుండును. ముందు వెలుగును సమముగా పరచు పొరలు రెండు మూడుండును. ఇదియంతయు వెనుకవెలుగు. యంత్రము నడచుచున్నంతసేపు, తెరపై చిత్రము నల్లనైనను తెల్లనైనను, ఈ వెనుకవెలుగు వెలుగుచునే యుండును. అసలు కీలకమిదియే. నలుపు చూపవలసినపుడు దీపము నార్పుట లేదు. తలుపు మూయుట మాత్రమే జరుగుచున్నది.

ఆ తలుపు ద్రవస్ఫటికము. 1888లో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్ సంబంధమైన ఒక పదార్థమును వేడిచేయుచు, అది రెండుమారులు కరగుటను గమనించెను. ఘనమునకు ద్రవమునకు నడిమిదైన ఆ స్థితికి ద్రవస్ఫటికమను పేరు అటో లేమన్ అను భౌతికశాస్త్రజ్ఞుని పరిశోధనలవలన స్థిరపడినది. ఈ చరిత్రలో మనకు అరువది కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరునకును చోటు కలదు. సర్ సి.వి. రామన్‌గారి మేనల్లుడైన శివరామకృష్ణ చంద్రశేఖర్ రామన్ పరిశోధనాలయమునందు ద్రవస్ఫటికముల ప్రయోగశాలను నెలకొల్పి, 1977లో తన సహచరులతో కూడి, బిళ్ళలవంటి అణువులును ద్రవస్ఫటికములు కాగలవని నిరూపించెను. అంతవరకు కడ్డీలవంటి అణువులకే ఆ గుణము కలదని తలచిరి. తరువాతికాలమున ఇట్టి బిళ్ళయణువులతో చేసిన పలుచని పొరలు ప్రక్కనుండి చూచినను తెరపై బొమ్మ చెడకుండుటకు ఉపయోగపడినవి. మన పిల్లలకు విజ్ఞానపాఠమున చెప్పదగిన సంగతి యిది. పాఠ్యపుస్తకములలో చోటు దొరకినట్లు నేను చూడలేదు.

ద్రవస్ఫటికపు పొరకు వెనుక నొకటి, ముందు నొకటి ధ్రువణపటలములుండును. వెనుకపటలము వెలుగుతరంగములలో ఒక్క దిక్కున ఊగు వానిని మాత్రము లోనికి విడుచును. ముందుపటలము దానికి అడ్డముగా అమర్చబడి యుండుటచే ఆ తరంగములు వెలుపలికి రాజాలవు. అపుడు తెర నల్లగా నుండును. విద్యుత్తుచే నడిమి అణువులు తిరిగినపుడు తరంగముల దిక్కు మారి వెలుగు వెలువడును. జొన్నదంటు తడకకు అడ్డముగా మరియొక తడక పెట్టినట్లు ఈ కట్టడి యున్నదనుకొనిన సరిపోవును. అయినను తడక తడకయే కాని గోడ కాదు. ఐ.పి.ఎస్. అను జాతి తెరలలో తెలుపునకు నలుపునకు గల నిష్పత్తి సాధారణముగా వేయింటికి ఒకటి. తెల్లని భాగము 300 నిట్ల కాంతినిచ్చునపుడు నల్లని భాగము కూడ సుమారు 0.3 నిట్ల కాంతిని విడుచుచునే యుండును. లోపములేని తెరయైనను చీకటిగదిలో బొగ్గువలె నల్లగా నుండదని కొనువారు ముందే తెలిసికొనవలెను.

వెలుగు కారుటకు కారణములు ముఖ్యముగా రెండు. తెర అంచుచుట్టు వెలుగును ఆపు సన్నని నల్లపట్టీ యుండును. అది సరిగా అంటుకొననిచోట, లేదా చట్రము పొరలపై సమముగా కూర్చుండనిచోట, వెలుగు సందుగుండ నేరుగా బయటపడును. తలుపు సందునుండి వెలుగు పడినట్లు ఇది అంచున గీతగ కనబడును. రెండవది అంత సులభముగా ఊహకు అందునది కాదు. గాజును నొక్కినపుడు దాని గుండ పోవు వెలుగుయొక్క ధ్రువణము మారును. దీనిని స్కాట్లండు దేశీయుడైన డేవిడ్ బ్రూస్టర్ 19వ శతాబ్దారంభముననే కనుగొనెను. చట్రముయొక్క ఒక మర గట్టిగా బిగిసినను, మూత కొంచెము మెలిపడినను, ఆ చోట గాజుపై ఒత్తిడి కలిగి, ముందుపటలము ఆపవలసిన వెలుగులో కొంత దిక్కు మారి తప్పించుకొనిపోవును. మబ్బుతునకవలె మూలలందు వ్యాపించు మరకలకు తరచుగా ఇదియే హేతువు. తెరమూతలను నానాటికి పలుచన చేయుచుండుటచే ఈ ఒత్తిడికి అవకాశము హెచ్చినది. పలుచదనమును అందమని మెచ్చుకొనుచున్న మనము దానికి చెల్లించు సుంకమిది.

ఇచ్చట ఒక భేదమును తప్పక గుర్తింపవలెను. ఐ.పి.ఎస్. తెరలకు గ్లో అని మరియొక గుణము కలదు. నల్లని చిత్రమును ఓరగా చూచినపుడు మూలలందు వెండివంటి లేక పసుపువంటి మెరపు తోచును. ఇది కారుట కాదు, ఆ తెరజాతి స్వభావము. దానిని లోపమని తిరిగి పంపినచో వచ్చు క్రొత్తయంత్రమునకును అదే యుండును. రెంటిని వేరుచేయుటకు ఉపాయము సులభము. మూలనందలి వెలుగును చూచుచు తలను ప్రక్కకు కదల్చవలెను. పిమ్మట రెండడుగులు వెనుకకు జరుగవలెను. వెలుగు తానును కదలినచో, వెనుకకు జరిగినకొలది తగ్గినచో అది గ్లో. ఎటునుండి చూచినను మరక అదే చోట, అదే ఆకారమున నిలిచియున్నచో అది వెలుగు కారుట. పది నిముషములు పట్టని యీ పరీక్ష చేయకయే పేచీకి దిగినవారు అంగడివాని యెదుట తేలికపడుదురు. నిజముగ లోపమున్నవాని మాటకును విలువ తగ్గును.

మా ప్రాంతపు ఉపాధ్యాయ మిత్రుడొకరు కుమారుని చదువునకై నగరమున యంత్రము కొనెను. ఇంటికి వచ్చి రాత్రి చలనచిత్రము పెట్టగా క్రిందిమూలను పసుపుమరక కనబడినది. మరునాడు నూరు కిలోమీటర్లు బస్సులో పోయి చూపగా, అంగడివాడు దీపముల జిగేలులో తెల్లని పుట తెరచి, ఏమియు లేదు గదా యనెను. అతడన్నదియు అబద్ధము కాదు. తెల్లని పుటపై ఈ లోపము కనబడదు. వెలుగున్న గదిలో నల్లని పుటపైనను ప్రాయికముగా కనబడదు. మిత్రునికి ఏ చిత్రము, ఏ వెలుతురులో చూపవలెనో తెలియదు. తెర బాగుగ లేదు అను మాటతప్ప వేరుమాట లేదు. ఆయన తిరిగి వచ్చెను. బాగేపల్లి వారికి బెంగుళూరు అంగడికి పోయివచ్చుట యొక పగటిపని, ఒకనాటి సెలవు. ఈ పరీక్షను ఇంటనే సక్రమముగా చేసి నిదర్శనముతో పోవుట అందువలననే ముఖ్యము.

పరీక్షకు సంజ తరువాతి వేళ మంచిది. యంత్రమును అరగంటసేపు నడువనీయవలెను. తెర వేడెక్కినపిమ్మట దాని నిజస్థితి తెలియును. ఏదైన బొమ్మలు గీయు ప్రోగ్రాములో పుటయంతయు నల్లరంగు నింపి, తెరనిండ పరచవలెను. బాణపుగుర్తు మొదలగునవి కనబడరాదు. కొన్ని యంత్రములు చీకటిచిత్రము వచ్చినపుడు బ్యాటరీ పొదుపునకై వెనుకవెలుగును తామే తగ్గించును. అట్టి యేర్పాటును ముందు నిలిపివేయనిచో లోపము దాగిపోవును. గదిలోని దీపముల నార్పి, కన్నులు చీకటికి అలవాటుపడిన తరువాత, దినమును పనిచేయు దూరమునుండియే చూడవలెను. మొదట నిత్యము వాడు వెలుగుమట్టమున, పిదప పూర్తిమట్టమున చూచి రెంటిని వేరువేరుగ వ్రాసికొనవలెను. పూర్తిమట్టమున, గాఢాంధకారమున వెదకినచో దోషములేని తెర యుండదు. కావున తీర్పు చెప్పవలసినది మొదటి చూపునుబట్టియే.

నిదర్శనమునకు ఛాయాచిత్రము కావలెను. ఇందులో రెండు చిక్కులు. తెరపటము తీయు మీటను నొక్కినచో వట్టి నల్లబొమ్మ వచ్చును. ఆ మీట యంత్రము పంపిన చిత్రమును దాచునే కాని, గాజునుండి కారు వెలుగును చూడదు. ఈ పటమును పంపి, చూడుడు లోపమున్నదని వ్రాసినవారికి, లేదని జవాబు వచ్చుట సహజమే. ఇక ఫోను కెమెరాయో, చీకటిని చూడగనే తన కన్నును పెద్దది చేసికొని చిన్నమరకను కార్చిచ్చువలె చూపును. దీనిని చూపినచో ఎదుటివాడు అతిశయోక్తి యనును. ఫోనుతెరపై మరక యున్నచోట వ్రేలితో తాకి, వెలుగును తగ్గించి, కంటికి కనబడినంత మాత్రమే చిత్రమున వచ్చునట్లు తీయవలెను. నేరుగా నొకటి, ప్రక్కనుండి నొకటి తీసినచో గ్లో కాదని ఋజువగును. పెట్టె విప్పునపుడు మొదటినుండి చలనచిత్రము తీసి యుంచినచో, ఈ నొక్కు మీరే చేసితిరనుటకు తావుండదు.

లోపము కనబడినవెంటనే తిరిగి పంపవలెనా? నా యభిప్రాయమున, అది చేయబోవు పనినిబట్టి యుండును. తెలుగుపుటలు తెల్లని నేపథ్యముపై చదువువారికి, పాఠములు వ్రాయువారికి, లెక్కలు కట్టువారికి అంచునందలి స్వల్పమైన కారుటవలన నష్టమేమియు లేదు. అక్షరము నల్లనిది, పుట తెల్లనిది. తెల్లనిలో తెలుపు కలిసిపోవును. నల్లని నేపథ్యముపై తెల్లని యక్షరములు పెట్టుకొని రాత్రులు చదువువారికి, ఛాయాచిత్రములు దిద్దువారికి, తాళపత్రచిత్రములను పరిశీలించువారికి అది నిత్యబాధ. చుక్క సున్నయా, వత్తునకు మిగిలిన గీతయా, పురుగుతిన్న రంధ్రమా యని తేల్చుకొనవలసినచోట మసక వెలుగు తగదు. నిత్యము వాడు మట్టమున, సాధారణదీపము వెలుగుచున్న గదిలోనే మరక కనబడుచున్నచో, పని యేదైనను ఒప్పుకొనరాదు. చీకటిలో వెదకినగాని కనబడనిచో వదలివేయుట మేలు. మార్చుకొన్న యంత్రమున మరియొక మూల మరింత కారవచ్చును.

నిశ్చయమేదైనను మొదటివారముననే జరుగవలెను. తిరిగి తీసికొనుటకు లేక మార్చియిచ్చుటకు అమ్మకందారులిచ్చు గడువు చాలచోట్ల వారము పదిదినములకు మించదు. గడువు దాటినచో మిగులునది తయారీదారుని వారంటీ. స్వల్పమైన వెలుగు కారుట సహజమని తయారీదారులు పలువురు చెప్పుదురు. ఎంత స్వల్పమో కొలతవేసి చెప్పరు. పరీక్షలు ముగియనీ, పండుగ రానీ యని పెట్టెను అటకపై నుంచుట మన యిండ్లలో కలదు; ఈ వస్తువు విషయమున అది పనికిరాదు.

ఇంటివైద్యములను గూర్చి యొకమాట. మరకయున్నచోట గుడ్డతో నొక్కి రుద్దుమనియు, చట్రము విప్పి మరలు వదులు చేయుమనియు సలహాలు ప్రచారములో నున్నవి. ఒత్తిడివలన పుట్టిన లోపమునకు మరల ఒత్తిడియే మందగునా? ఎప్పుడో యొకనికి ఫలించి యుండవచ్చును; గాజు పగిలినచో తెరయంతయు మార్చవలసివచ్చును, వారంటీయు పోవును. గడువులోనున్న క్రొత్తయంత్రమును విప్పుట కేవలము అవివేకము. దినములు గడచినకొలది మరక తానే సర్దుకొనునని ఆశపడి గడువును పోగొట్టుకొనుటయు అట్టిదే. ఉంచుకొనదలచినవారు వెలుగుమట్టమును తగ్గించి, తెరవెనుక గోడపై పడునట్లు చిన్నదీప మొకటి పెట్టుకొన్నచో కంటికి బాధ చాలవరకు తగ్గును. తెర మూల పట్టుకొని యంత్రమును ఎత్తరాదు. క్రిక్కిరిసిన బస్సులో పుస్తకముల బరువు మూతపై పడునట్లు సంచి నుంచరాదు. మొదట లేని మరకలు పిదప పుట్టుట ఇందువలననే.

ఓలెడ్ తెరలలో ప్రతిబిందువును తానే వెలుగును, తానే ఆరును. వెనుకవెలుగు లేదు కనుక కారుట యను మాటయే లేదు. వెల యెక్కువ, కదలని బొమ్మ చిరకాలము నిలిచినచో దాని నీడ తెరపై మచ్చగ మిగులు భయము కలదు. తాటాకుచిత్రములతో పనిచేయువారు మాత్రము ఆ వెలకు వెనుదీయనక్కరలేదు.

అమ్మినవారు వినిపించుకొననిచో చట్టము కలదు. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టముననుసరించి, కొన్నవాడు తాను నివసించు జిల్లా కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును. బెంగుళూరున కొన్న వస్తువునకై బెంగుళూరు పోవలసిన పనిలేదు. గడువు రెండేండ్లు. చెల్లించిన వెల అయిదు లక్షలలోపైనచో రుసుము లేదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యపై చెప్పుకొనుట మంచిది. అచ్చట కన్నడముననేగాక తెలుగునను మాటలాడవచ్చును. సరిహద్దు తాలూకాలలోని మనవారికి ఇది తెలియవలసిన సంగతి. వస్తువు యొక్క గుణమునందును ప్రమాణమునందును గల కొరతను చట్టము లోపమనుచున్నది. కంటికి ఆనని మసకను పట్టుకొని వాదించుట కష్టము. దీపమున్న గదిలోనే కనబడు మరకకు, తేదీలతో, చిత్రములతో బలము చేకూరును.

ఫిర్యాదు వ్రాతమూలకముగా నుండవలెను. దానికి నేను విద్యార్థుల తల్లిదండ్రులకు వ్రాసియిచ్చుచున్న మాటలివి: "ఫలానా తేదీన మీయొద్ద కొని, ఫలానా తేదీన పెట్టె విప్పిన ల్యాప్‌టాప్ తెరకు క్రింది కుడిమూల వెనుకవెలుగు కారుచున్నది. గదిలో దీపము వెలుగుచుండగనే, నిత్యము వాడు వెలుగుమట్టమున, నల్లని చిత్రముపై ఇది కనబడుచున్నది. చూచు దిక్కు మార్చినను మరక కదలుటలేదు. కావున ఇది ఐ.పి.ఎస్. గ్లో కాదు. నేరుగా నొకటి, ప్రక్కనుండి నొకటి తీసిన చిత్రములు జతపరచితిని. గడువు ముగియకముందే తెలుపుచున్నాను గనుక యంత్రమును మార్చియిండు." ఇందు వెనుకవెలుగు కారుట యనుచోట బ్యాక్‌లైట్ బ్లీడ్ అని ఇంగ్లీషున వ్రాసి, మిగిలినది కన్నడమున వ్రాసినను సరియే. ప్రతి నొకదానిని బిల్లుతోకూడ దాచుకొనవలెను.